పసుపు చొక్కాకి ఎడమవైపు మూడోవాడు

బస్సు డిపో వాళ్ల గ్రూపు ఫొటోలో ఒకే ఒక్క పసుపు చొక్కా ఉంది. మిగతా అందరివీ నీలం. ఆ ఒక్కటి కూడా నీలం చేసెయ్యమని డిపో మేనేజరుగారు ఫోన్ చేశారు.

"అదెంత పనండీ, ఇలా మీట జరిపితే అలా మారిపోతుంది," అని ఒప్పేసుకుని ఫోన్ పెట్టేశాక, స్టూడియో మావయ్య కంప్యూటరు ముందు కూర్చున్న మేనకోడలి వంక తిరిగి, "మారుతుందిగా?" అని అడిగాడు.

"మారుతుంది మావయ్యా."

"అమ్మయ్య."

మావయ్యకి కెమెరాతో ఉన్న చనువు కంప్యూటరుతో లేదు. బస్సు టాపు మీదికెక్కి, కింద నించున్న నూటయాభై మందిని నవ్వించి, ఎవరూ కళ్లు మూయకుండా ఒక్క దెబ్బకి ఫొటో తియ్యగలడు. ఆ తర్వాతి పనంతా ఈ ఏడే డిగ్రీ పూర్తిచేసుకొచ్చిన మేనకోడలిది. ఇంటి మొత్తమ్మీద డిగ్రీ చదివిన మొదటి మనిషి కావటంతో అత్తయ్య ఆ పిల్లని పేరు పెట్టి పిలవటం మానేసి "డిగ్రీ" అనే పిలుస్తోంది. ముద్దొచ్చినా అదే పిలుపు, కోపమొచ్చినా అదే.

ఏటా డిపో వెయిటింగ్ హాల్లో ఒక గోడంతా నిండేలా సిబ్బంది ఫొటో పెడతారు. పెట్టిన ఆదివారం ఇంటిల్లిపాదీ వచ్చి, తమవాళ్లని వెతుక్కుని చూసి పోతారు. ఈసారి ఆ పని మావయ్యకి దక్కింది. అంత పెద్ద బొమ్మ ఆ స్టూడియో చరిత్రలో లేదు. అందుకని మావయ్య రెండు రోజులుగా మెల్లగా నడుస్తున్నాడు, నేల అదిరితే ఫొటో చెదిరిపోతుందేమో అన్నట్టు.

మేనకోడలు తెర మీద రంగుల పట్టీలో పసుపుని ఎంచుకుని, మీటని నీలం వైపు జరిపింది. చొక్కా ముందు ఆకుపచ్చయింది, తర్వాత నెమలి రంగుకి తిరిగింది, చివరికి చక్కటి నీలంలోకి దిగింది. ఇంత తేలికా అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలింది.

పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరిస్తున్న అత్తయ్య కత్తెర పట్టుకునే వచ్చి తెరలోకి వంగి చూసింది.

"ఇదేమిటే డిగ్రీ, డిపో మొత్తానికి ఒక్కసారే జబ్బు చేసిందా?"

అప్పుడు చూసింది మేనకోడలు. చొక్కాతో పాటు నూటయాభై మొహాలూ నీలంగా మారిపోయి ఉన్నాయి. వెనకాల బస్సుల దీపాలు నీలం. ఆఖరికి నేల మీద దుమ్ము కూడా నీలం.

"మనిషి మొహంలో పసుపు కలిసుంటుందత్తయ్యా. మర్చిపోయాను."

"డిగ్రీలో చెప్పలేదా?"

"మొహాల గురించి చెప్పలేదు."

అత్తయ్య నవ్వుకుంటూ కౌంటరు దగ్గరికి వెళ్లిపోయింది. మేనకోడలు చేసిందంతా వెనక్కి తిప్పేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మావయ్య చెప్పే పద్ధతిలో. ఆయనకి కంప్యూటరు రాకపోయినా ఒక్క పట్టుదల ఉంది. అసలు ఫొటో మీద చెయ్యి పెట్టకూడదు. పైన పల్చటి పొర ఒకటి వేసుకుని, ఏం చేసినా ఆ పొర మీదే చెయ్యాలి. "గాజు పలక పెట్టి దాని మీద రాసినట్టు. పలక తీసేస్తే కింద మనిషి అలాగే ఉండాలి," అంటాడు.

పొర వేసుకుని, చొక్కా చుట్టూ గీత గియ్యటం మొదలుపెట్టింది. కాలరు దగ్గర గీత మెడలోకి జారుతుంది. భుజం దగ్గర పక్కాయన మోచెయ్యి అడ్డం. ఛాతీ మీదుగా టిక్కెట్ల సంచీ పట్టా ఉంది, దాన్ని వదిలెయ్యాలి. గుండీలు తెల్లవి, అవీ వదిలెయ్యాలి. గీత ముగిసి రంగు మారిస్తే నీలం పల్చగా తేలిపోయింది. పసుపు వెలుగెక్కువ రంగు, అలా మార్చితే ఆ వెలుగంతా నీలంలోకి వచ్చి కూర్చుంటుంది. ముదురు చేసింది. ముదురు చేస్తే ముడతలు పోయాయి. ముడతలు పోతే అది చొక్కా కాదు, గోడకి వేసిన సున్నం. నీడని కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చుకుంది. భోజనం చల్లారిపోయింది. అత్తయ్య రెండుసార్లు పిలిచి, మూడోసారి కంచం తెచ్చి ఒళ్లో పెట్టేసింది.

సాయంత్రానికి ఎవరు చూసినా ఆ చొక్కా పుట్టుకతోనే నీలం అంటారు. ఒక్కచోట తప్ప.

ఆ రోజు ఎండ చొక్కా మీద పడి పైకి చిమ్మింది. ఆ మనిషి గడ్డం కింద, చెంపల అంచుల్లో పసుపు వెలుగు అలాగే ఉండిపోయింది. మేనకోడలు ఆ మొహాన్ని తెరంతా నిండేలా పెద్దది చేసింది. నలభై ఏళ్ల కండక్టరమ్మ. జుట్టు బిగించి దువ్వుకుంది. పెదవులు మూసే ఉన్నా కళ్లు నవ్వుతున్నాయి, ఏదో ఆట పట్టించబోయే పిల్లలా. గడ్డం కింద ఎవరో చిన్న లైటు పట్టుకున్నట్టుంది.

అదీ తుడవాలి. చెయ్యి మౌస్ మీదే ఉంది. రేపు చూద్దాంలే అనుకుని కంప్యూటరు కట్టేసింది.

*

మర్నాడు పొద్దున స్టూడియోలో జనం ఉన్నారు. తలుపు దగ్గర ఒక గొంతు, "కాస్త లోపలికి జరగాలి, లోపలికి జరగాలి," అంది. అందరూ ఎందుకో ఏమిటో అడక్కుండా జరిగిపోయారు. ఖాళీ అయిన దారిలో కండక్టరమ్మ నడిచొచ్చింది.

ముందు రోజంతా ఆ మొహంతోనే గడిపింది కాబట్టి మేనకోడలికి చిన్ననాటి నుంచి తెలిసిన మనిషిలా అనిపించి, "రండక్కా," అనేసింది.

"నన్ను నీలంలో ముంచుతున్నారట," అంది కండక్టరమ్మ. "ముంచేశారా, ఇంకా టైముందా?"

మావయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. "మేనేజరుగారు చెప్పారమ్మా. యూనిఫాం అంటే అందరిదీ ఒకటే రంగుండాలని. మీరేం బాధపడకండి, మీకు విడిగా ఒక కాపీ పసుపులోనే తీసిస్తాను. అచ్చం ఎలా ఉన్నారో అలాగే."

"చిన్న కాపీ నాకొద్దండీ. గోడ మీద పెద్దదానిలోనే పసుపు కావాలి."

అత్తయ్య కత్తెర ఆపింది. ఉన్న నలుగురు గిరాకీలనీ పంపించేదాకా కండక్టరమ్మ ఓపిగ్గా నించుంది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"మా నాన్నకి చూపు బాగా తగ్గిపోయింది. మొహాలు కనబడవు. రంగులు కనబడతాయి, అవీ గట్టి రంగులైతేనే. పెద్దగా ఉండాలి, దగ్గరగా ఉండాలి. పోయినేడాది గోడ దగ్గరికి తీసుకెళ్లాను. నూటయాభై మందిమీ నీలమే. నేనెక్కడున్నానో చెప్పేలోపే ఆయన వేలు పెట్టేశాడు. ఇదుగో నా కూతురు, ఎంత దర్జాగా నించుందో చూడండి అని హాల్లో అందరికీ వినబడేలా అన్నాడు."

"మరింకేం," అంది అత్తయ్య.

"ఆ వేలు కింద ఉన్నది వర్క్‌షాపు మేస్త్రీ. ఇంతింత మీసాలు."

అత్తయ్యకి నవ్వు తన్నుకొచ్చింది. చేత్తో నోరు మూసుకుంది.

"నవ్వండి. నేనూ నవ్వాను ఇంటికెళ్లాక. కానీ అక్కడ మాత్రం, అవును నాన్నా నేనే, అనేశాను. ఏమనను? ఆయన మొహం వెలిగిపోతుంటే." సంచీ పట్టా సర్దుకుంది. "అందుకే ఈసారి ఉతికిన చొక్కా ఆరలేదని మేనేజరుగారికి అబద్ధం చెప్పి పసుపుది తొడుక్కొచ్చాను. ఊళ్లో దొరికే పసుపుల్లోకెల్లా గట్టి పసుపు. షాపువాడు ఇది పిల్లలకమ్మా అన్నాడు, పెద్ద సైజు వెతికించాను."

"ఈ సంగతి మేనేజరుగారికే చెప్పరాదక్కా?" అంది మేనకోడలు. "ఒప్పుకుంటారేమో."

"ఒప్పుకుంటారు. జాలిపడి ఒప్పుకుంటారు. ఆ మర్నాటి నుంచి డిపోలో ప్రతివాడూ నాన్న కళ్లెలా ఉన్నాయని అడుగుతాడు. టిక్కెట్టు తీసుకోకుండా దిగిపోయేవాడు కూడా అడుగుతాడు. మా నాన్నకి జాలి పడదు. తిన్నది అరగదు. మీరు కూడా ఎవరికీ చెప్పొద్దు."

మావయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. తుడవటానికి అందులో ఏమీ లేదు.

"ఆర్డరు డిపోదమ్మా," అన్నాడు చివరికి. "వాళ్లు నీలం అన్నాక నేను పసుపు వేస్తే, అది తప్పవుతుంది. నాకు మనసు లేక కాదు."

"తెలుసండీ. నేనూ రూలు ప్రకారం పనిచేసే మనిషినే. అడిగి చూద్దామని వచ్చాను." లేచి నించుని తెర వైపు చూసింది. తనే ఉంది అక్కడ, నీలం చొక్కాలో. దగ్గరగా వంగి చూసింది. "ఇది నువ్వే చేశావా అమ్మాయ్? ఎంత బాగా చేశావు. కుట్లు కూడా కనబడుతున్నాయి."

ఆ మాటలో దెప్పు లేదు. నిజంగానే మెచ్చుకుంది. మేనకోడలు మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

కండక్టరమ్మ వెళ్లాక అత్తయ్య మళ్లీ కత్తెర అందుకుంది.

"ఆ గడ్డం కింద ఏదో పసుపు మిగిలింది," అన్నాడు మావయ్య, తెర వైపు చూడకుండానే.

"చూశాను మావయ్యా."

"తుడుస్తావా?"

"తుడవమంటే తుడుస్తాను."

మావయ్య "ఎండ కదా, ఎండని తుడవటమెందుకులే," అని కెమెరా పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు.

*

గ్రూపు ఫొటో తీసినప్పుడు స్టూడియో వాళ్లు ముందు ఒక నమూనా కాపీ పంపిస్తారు. అది నోటీసు బోర్డు మీద పెడితే, ఎవరికి వాళ్లు తమని చూసుకుని, కావలసినవాళ్లు స్టూడియోకి వచ్చి తమ మొహం వరకు పెద్దది చేయించుకుంటారు. డిపో బోర్డు మీద మూడు రోజుల నుంచి పసుపు చొక్కా ఉన్న నమూనాయే ఉంది. ఆ సాయంత్రం మేనేజరుగారి మాట ప్రకారం దాన్ని తీసేసి నీలం నమూనా పెట్టారు.

మర్నాడు కౌంటరు దగ్గర అత్తయ్యకి తల ప్రాణం తోకకొచ్చింది.

"అమ్మగారూ, నా మొహం ఒకటి పెద్దది చెయ్యాలి. నేను పసుపు చొక్కాకి రెండు వరసలు పైన," అన్నాడు మొదట వచ్చిన డ్రైవరు.

అత్తయ్య కౌంటరు మీదున్న కొత్త కాపీ అతని ముందు పెట్టింది. "ఏదీ, చూపించు నాయనా."

డ్రైవరు వేలు ఒకచోట పెట్టాడు, తీశాడు, ఇంకోచోట పెట్టాడు. "ఇక్కడే ఉండాలే. నిన్నటిదాకా ఇక్కడే ఉన్నాను."

ఇద్దరు డ్రైవర్లు ఒకే మొహం తనదంటే తనదని వాదించుకున్నారు. మొహం గోరంతే ఉంది, ఇద్దరికీ అదే క్రాపు. చివరికి ఒకడు, "పోనీ నువ్వే ఉంచుకో, ఎలాగూ బాగా రాలేదు," అని వదులుకున్నాడు. ఒక కండక్టరు భార్య, ఆయన చూపించిన మనిషిని చూసి, "ఇది మీరు కాదు, మీరు ఇంత బుద్ధిగా ఎప్పుడూ నించోలేదు," అని తేల్చేసింది. అందరి నోటా ఒకటే మాట. ఆ పసుపు ఉండి ఉంటే తేలిగ్గా చెప్పేసేవాళ్లం.

మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. మీసాలు ముందొచ్చి, వెనక ఆయనొచ్చాడు. అత్తయ్యకి చూడగానే తెలిసిపోయింది. నవ్వు ఆపుకోవటానికి సొరుగు తెరిచి అందులోకి తలదూర్చింది. మేనకోడలే మాట్లాడాల్సి వచ్చింది.

"మీకు ఏ సైజు కావాలండీ?"

"నాకు సైజు కాదమ్మా కావలసింది. నేను పసుపు చొక్కాకి ఎడమవైపు మూడోవాణ్ణి. ఆ పసుపు ఎందుకు తీసేశారు?"

"మేనేజరుగారు చెప్పారండీ."

"ఆయనకేం తెలుసు," అన్నాడు మేస్త్రీ. ఆయనకి నిజంగానే కోపం వచ్చినట్టుంది. "పాడుచేశారు. చక్కటి ఫొటోని పాడుచేశారు." ఆర్డరేమీ ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

మేనకోడలికి ఆ కోపం ఎందుకో అర్థం కాలేదు. అత్తయ్య సొరుగులోంచి తలెత్తి, "పోయాడా?" అంది.

సాయంత్రం మేనేజరుగారే భార్యని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన సన్నగా, చొక్కా ముడత పడకుండా నడిచే మనిషి. రేపే పెద్దది ప్రింటుకి వెళ్తుంది, ఒకసారి చివరగా చూసి సరేనందామని వచ్చారు. మావయ్య కుర్చీలు వేశాడు. మేనకోడలు ఫొటో తెర మీద పెట్టింది.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నారు మేనేజరుగారు. "ఇప్పుడు చూడండి, అసలు ఎవరూ విడిగా కనబడటం లేదు."

"అవును," అంది ఆయన భార్య. "మీరు కూడా."

"అదేమిటి, నేను ఉన్నాను."

"ఎక్కడ?"

ఆ రోజు వరసలు సర్దింది మేనేజరుగారే. నువ్వు ఇటు, నువ్వు అటు, మెడ పైకెత్తు, అని అందరినీ నించోబెట్టి, మావయ్య లెక్కపెడుతుండగా పరుగెత్తుకొచ్చి ఎక్కడ సందుంటే అక్కడ దూరారు. తెర మీదికి వంగి వెతకటం మొదలుపెట్టారు. పెద్దాయన వెతుకుతుంటే మిగతావాళ్లు చూపించటం బాగుండదని అందరూ ఊరుకున్నారు. పైగా వాళ్లకీ తెలియదు.

"మీరు మొన్న ఫోన్‌లో చూపించినప్పుడు ఒక్క చూపులో పట్టేశాను కదండీ," అంది భార్య. "పసుపు చొక్కాకి సరిగ్గా పై వరసలో నున్నగా మెరుస్తున్న తల మీదేగా. మా అక్కకి కూడా అదే గుర్తు చెప్పాను. ఆదివారం వాళ్లంతా వస్తున్నారు. ఇప్పుడు ఇన్ని బట్టతలల్లో నేను ఏది చూపించను?"

మేనకోడలి నాలిక చివరిదాకా వచ్చింది కండక్టరమ్మ సంగతి. ఎవరికీ చెప్పొద్దని ఆవిడ మరీ మరీ అడిగింది. అందుకని నోరు విప్పకుండా పైపొర పక్కనున్న చిన్న కన్ను గుర్తు మీద ఒక్క నొక్కు నొక్కింది. గాజు పలక తీసేసినట్టు నీలం పోయింది. తెర మధ్యలో పసుపు చొక్కా భగ్గుమంది.

"ఆఁ, ఇదుగో," అని మేనేజరుగారి భార్య వేలు పెట్టేసింది. "ఇదే తల."

మేనకోడలు మళ్లీ నొక్కింది. నీలం. భార్య వేలు గాల్లో ఆగింది. మళ్లీ నొక్కింది. పసుపు. మేనేజరుగారు ఒక్కసారి మొదటి వరస నుంచి చివరి వరస దాకా చూశారు. ఆ పసుపు నుంచి లెక్కపెడుతూ తన మనుషుల్ని ఒక్కొక్కరినే పోల్చుకుంటున్నట్టు ఆయన పెదవులు కదిలాయి.

"అయితే," అన్నారు గొంతు సవరించుకుని, "ఆ పాతదే ఉండనివ్వండి."

"మరి యూనిఫాం..." అన్నాడు మావయ్య.

"యూనిఫాం వేసుకోమని ఆవిడకి నేను చెప్తాను. ఫొటోకి చెప్పక్కర్లేదు." లేచి చొక్కా సవరించుకున్నారు. "అయినా ఒక మనిషి కనబడితే పక్కన నలుగురూ కనబడుతున్నారు. ఇదేదో బాగానే ఉంది."

వాళ్లు గడప దాటగానే అత్తయ్య మేనకోడలి బుగ్గ గిల్లింది.  మావయ్య నేల అదురుతుందన్న భయం మర్చిపోయి, ఆ చివర నుంచి ఈ చివరకి టకటకా నడిచాడు.

*

ఆదివారం వెయిటింగ్ హాలు కిక్కిరిసిపోయింది. గోడంతా ఫొటోయే. ముందు వరసలోవాళ్ల బూట్లు నేలకి ఆనుతున్నాయి. గోడ పొడుగునా వేళ్లు, కేకలు, నవ్వులు. "పసుపుకి కింద!" "పసుపుకి అటు!" మేనేజరుగారి వదినగారు వచ్చీ రాగానే బట్టతలని పట్టేశారు.

మావయ్య ఫొటో అంచులు అతుక్కున్నాయో లేదో చూసే నెపం మీద గోడ దగ్గరే తచ్చాడుతున్నాడు. వచ్చినవాళ్లు ఫొటోని మెచ్చుకుంటే, "అదిగో, మా డిగ్రీ చేసింది," అని కాస్త అవతల అత్తయ్యతో నించున్న మేనకోడల్ని చూపిస్తున్నాడు.

కండక్టరమ్మ తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది. "కాస్త జరగాలి, జరగాలి," అంది. హాలు రెండుగా చీలింది. సెలవు రోజు కదా, అదే పసుపు చొక్కా తొడుక్కుంది. కిటికీలోంచి ఎండ దాని మీద పడి ఆవిడ గడ్డం కింద వెలుగుతోంది.

తండ్రి ఇస్త్రీ చొక్కాలో, తల దువ్వుకుని, పెళ్లిచూపులకి వచ్చినంత నీటుగా ఉన్నాడు. ఈసారి తొందరపడలేదు. గోడకి జానెడు దూరంలోకి వెళ్లి, ఒక చివర నుంచి అరచెయ్యి గాల్లో ఆనించినట్టు నడిపించుకుంటూ వచ్చాడు. నీలం, నీలం, నీలం. మధ్యకి రాగానే చెయ్యి ఆగిపోయింది. మెల్లగా ఆ పసుపు మీద పెట్టాడు.

"ఇది నువ్వు."

"అవును నాన్నా, నేనే."

"నిజంగా?"

"నిజంగా."

"పోయినేడాది కూడా అవుననే అన్నావు."

 దగ్గర్లో ఉన్న అత్తయ్య మేనకోడలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పోయినేడాది నేను వేలు పెట్టింది మేస్త్రీ మీద," అన్నాడు తండ్రి, తాపీగా. "ఆ మర్నాడే బస్టాపులో కలిశాడు. 'నమస్కారం నాన్నగారూ' అన్నాడు. ఎవరు బాబూ నువ్వన్నాను. 'నన్నే మర్చిపోయారా, నిన్న హాల్లో అందరి ముందూ కూతురన్నారు కదా' అన్నాడు. అప్పట్నుంచీ కనబడితే చాలు, నాన్నగారూ అనే పిలుస్తాడు. రోడ్డు కూడా దాటిస్తాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అవునన్నావు కదమ్మా. నీ మాట నేనెందుకు తీసెయ్యాలి?"

కండక్టరమ్మ తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని మేనకోడలు రెండడుగులు ముందుకేసింది. కాదు, నవ్వుతోంది. ఏడాదిగా దాచుకున్న నవ్వంతా ఒక్కసారే వచ్చి ఊపిరాడకుండా నవ్వుతోంది. తండ్రి కూడా పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"సరే, వాడెక్కడున్నాడిందులో?"

ఆవిడ తండ్రి వేలు పట్టుకుంది. పసుపు మీద నుంచి జరిపింది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు.

"ఇక్కడ. నాకు ఎడమవైపు మూడోవాడు."

తండ్రి వేలు ఆ నీలం మీద ఆగింది. వేలితోనే వెతుకుతున్నట్టు అటూ ఇటూ కదిపాడు.

"మీసాలున్నాయా ఇంకా?"

"ఉన్నాయి నాన్నగారూ," అన్నాడు వెనక నుంచి మేస్త్రీ.